అంకణం అంటే ఏమిటని అడిగిన జడ్జిగారు

కావలిలో టైపు, షార్ట్‌హ్యాండు హయ్యర్ పరీక్షలు రెండూ ప్యాసై 1977లో హైదరాబాదు హైకోర్టులో టైపిస్టుగా చేరిన నాకు, నాలుగేళ్ళ తరువాత మా వైపు నుంచే వచ్చిన ఒక న్యాయమూర్తి దగ్గర స్టెనోగా పనిచేసే అవకాశం దొరికింది. ఆయన పదవీ విరమణ చేసేదాకా, అంటే సుమారు ఎనిమిదేళ్ళపాటు, ఆయన చెప్పిన ప్రతి తీర్పూ ముందు నా పుస్తకంలో గీతలుగా పడి, ఆ తరువాతే నా మిషను మీద అక్షరాలయ్యేది. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. పత్రికల్లో తన పేరు కనపడడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఇప్పుడు మనిషి లేరు గనుక ఆ ఇష్టాన్ని దాటవచ్చునని నేను అనుకోను. మేమంతా జడ్జిగారనే అనేవాళ్ళం, ఇక్కడా అలాగే అంటాను.

ఆయనది కందుకూరు తాలూకాలో, ఉలవపాడు మామిడితోటల వైపు, సముద్రానికి దగ్గరగా ఉన్న ఇసుకనేలల ఊరు. ఆయన పుట్టేనాటికి అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి తాలూకాలతోపాటు ఆ ఊరూ అటు వెళ్ళిపోయింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022లో జిల్లాలను మళ్ళీ విభజించినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. ఆ సంగతి చూడడానికి జడ్జిగారు లేకపోయారే అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఎవరైనా మీది ఏ జిల్లా అని అడిగితే, "కాగితం మీద ప్రకాశం, నోట్లో నెల్లూరు" అనేవారు ఆయన.

వాళ్ళ నాయన ఆ ఊరి కరణం. సాయంత్రంపూట లాంతరు దగ్గర కూర్చుని అడంగల్ అనే పొలాల లెక్కలు గట్టిగా చదివి వినిపించడం చిన్నప్పుడు ఈయన పని. ఆనాటి కరణాలు రాసేది గొలుసుకట్టు. కలం ఎత్తకుండా అక్షరానికి అక్షరం ముడివేసుకుంటూ పోయే ఆ రాతను చదవడం, అలవాటు లేనివాళ్ళకు, చదువుకున్నవాళ్ళకైనా సరే, సాధ్యం కాదు. ఆయనకు అచ్చక్షరాలకంటే ముందు ఆ రాతే వచ్చిందట. తరువాత నెల్లూరు వి.ఆర్. కాలేజీ, మద్రాసులో లా చదువు, తిరిగి నెల్లూరులో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గిరీ. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, 1954 జూలై 5న గుంటూరులో హైకోర్టు మొదలైనప్పుడు, కోకా సుబ్బారావుగారు తొలి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్న ఆ కోర్టుకు ఈయన కూడా పెట్టె సర్దుకుని వెళ్ళారు. మూడేళ్ళు తిరగకముందే, 1956 నవంబరులో, కోర్టు హైదరాబాదుకు తరలింది. నెల్లూరు నుంచి గుంటూరుకు, గుంటూరు నుంచి మూసీ ఒడ్డుకు మారిన ఆ చిన్న ప్లీడరు, ఇరవై ఏళ్ళకు పైగా అక్కడే వాదించి, ఆ భవనంలోనే న్యాయమూర్తి అయ్యారు.

నెల్లూరు బార్‌లో తన కుర్రతనంలో విన్న మాటలు ఆయన మాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు లేకుండా చెప్పేవారు. అందులో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ప్రస్తావన తప్పకుండా వచ్చేది. 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో ఒక పురోహితుడి ఇంట పుట్టి, మద్రాసు అడ్వకేట్ జనరల్ అయి, రాజ్యాంగ ముసాయిదా సంఘంలో సభ్యుడైన మనిషి ఆయన. ఆయన కుమారుడు జస్టిస్ అల్లాడి కుప్పుస్వామి 1980ల తొలి ఏళ్ళలో మన హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, ఛాంబరు వరండాలో ఆయన వెళుతుంటే మా జడ్జిగారు పక్కకు తప్పుకుని నిలబడడం నేను చూశాను. పదవికి ఇచ్చే మర్యాద ఒకటి ఉంటుంది. అది కాక, ఊరికి ఇచ్చే మర్యాద కూడా కొంత ఆ నిలబడడంలో ఉండేదని నాకు తోచేది.

అప్పీలు కోర్టు అంటే బయటివాళ్ళకు నల్లగౌన్లు, పెద్ద పెద్ద వాదనలు కళ్ళకు కడతాయి గాని, లోపల పనిచేసిన మాకు గుర్తొచ్చేది కట్టలు. కింది కోర్టులో సాక్షి బోనెక్కి ప్రమాణం చేసి మాట్లాడతాడు; గొంతు తడారడం, చూపు తప్పించడం మున్సిఫ్ గారు కళ్ళారా చూస్తారు. అదంతా కాగితం మీదికి ఎక్కి, తీర్పై, డిక్రీ అయి, అప్పీలై, తాడు కట్టిన కట్టగా హైదరాబాదు చేరేటప్పటికి అందులో మనిషి ఉండడు, మాట మాత్రం ఉంటుంది. జడ్జిగారి ఉద్యోగమంతా ఆ మాటలతోనే. తాను సాక్షిని చూడలేదన్న సంగతి ఆయన ఒక్కరోజు కూడా మరిచిపోలేదు. సాక్షి తీరును గురించి తనకు ముఖ్యమని తోచింది విచారణ జరిపిన జడ్జి రాసిపెట్టవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతుంది. చాలామంది రాయరు. ఎక్కడైనా ఒక మున్సిఫ్, "ఈ ప్రశ్నకు సాక్షి కొంతసేపు మౌనంగా ఉండి జవాబు చెప్పినది" అని ఒక్క వాక్యం రాసి ఉంటే, జడ్జిగారు ఎర్రపెన్సిలుతో దాని పక్కన నిలువుగీత గీసి, "ఈయన మనకోసం చూసిపెట్టాడు" అనేవారు.

ఆయన కట్టను చదివే వరుస వేరు. అందరూ కింది కోర్టు తీర్పుతో మొదలుపెడతారు, ఎందుకంటే అందులో కథంతా కుదురుగా ఉంటుంది. ఈయన తీర్పులను పక్కన పెట్టి ముందు దావా పత్రం, తరువాత ప్రతివాది జవాబు, ఆ తరువాత సాక్ష్యాలు చదివి, చివరికి గాని తీర్పుల జోలికి వెళ్ళేవారు కాదు. ముందే తీర్పు చదివితే ఆ రాసినాయన కళ్ళజోడు మన ముక్కు మీద కూర్చుంటుందని ఆయన అనేవారు. దీనివల్ల రాత్రి పదకొండు దాకా ఇంట్లో దీపం ఆరేది కాదు. డిక్టేషను మాత్రం తెల్లవారి ఆరున్నరకు. అమ్మగారు ఇద్దరికీ కాఫీ పంపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవారు.

ఒక రెండో అప్పీలు సంగతి చెప్పాలి. నిజానికి ఇన్నాళ్ళకు రాయడానికి కూర్చున్నది దానికోసమే.

దావా నెల్లూరు జిల్లాలోనిదే. ఇద్దరు అన్నదమ్ములు పూర్వం ఎప్పుడో పంచుకున్నారు, రిజిస్టరైన పారీకత్తు, అంటే పంపకాల దస్తావేజు, ఉంది. తమ్ముడు పోయాక అతని భార్య, ఇంటికి తూర్పున తన గుడిసె ఉన్న ఖాళీ జాగా మీదికి బావగారి కొడుకులు రాకుండా ఇంజంక్షన్ కావాలని కోర్టుకెక్కింది. పారీకత్తులో తమ్ముడి వాటాకు "పెంకుటింటికి తూర్పున పన్నెండంకణాలు" అని ఉంది. మున్సిఫ్ కోర్టు ఆమెకు డిక్రీ ఇచ్చింది. అప్పీలు విన్న పై కోర్టు దాన్ని కొట్టేసింది. ఆ తీర్పులోని తర్కం ఏమిటంటే, అంకణం అంటే ఇంట్లో దూలానికీ దూలానికీ నడుమ ఉండే చోటు. ఆ పెంకుటిల్లు మొత్తం కలిపి ఆరంకణాలే అని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ఆరంకణాల ఇంటికి పన్నెండంకణాల వాటా ఎలా వస్తుంది? కనుక ఆ మాట అర్థంలేనిది, దాన్ని అమలు చేయడం కుదరదు. మిగిలిన రాష్ట్రంలో చాలాచోట్ల పుట్టినవారికి ఆ తర్కంలో తప్పు కనపడదు. పెంకుటింటి అంకణం అందరికీ తెలుసు. ఇళ్ళస్థలాలను కూడా అంకణాల్లోనే కొలుస్తారన్న సంగతి నెల్లూరు వాళ్ళకు తెలిసినట్టు బయటివాళ్ళకు తెలియదు. హైకోర్టులో జతచేసిన ఇంగ్లీషు అనువాదంలో కూడా ఇంటి భాగం అనే అర్థం వచ్చే మాటే పడి ఉంది.

ఆ కట్ట చదువుతూ జడ్జిగారు ఆ మాట దగ్గర ఆగినప్పుడు నేను ఎదురుగా ఉన్నాను. నేను కావలివాణ్ణి, ఊరుకోలేక, "సార్, అంకణం అంటే మనకు జాగా కొలత కదా, అయిపోయినట్టే కదా" అన్నాను. ఆయన తల ఎత్తి చాలాసేపు చూశారు. "నీకు తెలుసు, నాకు తెలుసు. కట్టకు తెలుసా?" అన్నారు. తనకు సొంతంగా తెలిసినదాన్ని సాక్ష్యంగా వాడుకునే హక్కు న్యాయమూర్తికి లేదని, తన ఊరి మాట కాబట్టి తనకు తేలిగ్గా తెలిసిందని, అదే ఈ కేసు శ్రీకాకుళందో ఆదిలాబాదుదో అయి ఉంటే ఆ మాట తనకూ దొరికేది కాదని, అప్పుడు ఆ మనిషికి జరిగే న్యాయం ఈమెకు జరిగేదానికంటే తక్కువ కాకూడదని ఆయన నాకు విడమరిచి చెప్పారు. అంత పొడుగ్గా ఆయన నాతో మాట్లాడడం అరుదు.

1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించిన తరువాత, రెండో అప్పీలులో ముఖ్యమైన న్యాయప్రశ్న ఉంటే తప్ప హైకోర్టు జోక్యం చేసుకోకూడదు. జరిగిన సంగతుల మీద కింది అప్పీలు కోర్టు చెప్పిందే ఆఖరు. అయితే హక్కులకు మూలమైన దస్తావేజుకు అర్థం చెప్పడం న్యాయప్రశ్నే, కనుక ఆ తలుపు తెరిచే ఉంది. రెండోది అప్పటి ఎవిడెన్స్ యాక్టు 98వ సెక్షను. ఒక ప్రాంతానికే చెందిన మాటకు, వాడుక తప్పిన మాటకు, చదవడానికి వీలుకాని రాతకు అర్థం ఏమిటో సాక్ష్యం ద్వారా చూపించవచ్చునని అది చెప్పేది. అంటే ఆ మాటకు అర్థం చెప్పిన సాక్షి ఒకడు కట్టలో ఉండాలి. ఉన్నాడా?

జడ్జిగారు టైపు కాగితాలను నమ్మకుండా మూలరికార్డు తెప్పించారు. రెండు రోజులు మధ్యాహ్నం భోజనం తరువాత ఆ చేతిరాత సాక్ష్యాలను నేను పైకి చదవడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం. వాది పక్షాన మూడో సాక్షి ఒక పాత కరణం. చీఫ్‌లో, అంటే తనను పిలిచిన పక్షం ప్లీడరు అడిగినప్పుడు, ఆయన చెప్పింది దస్తావేజు తానే రాశానని, సంతకాలు ఎవరెవరివో గుర్తుపట్టానని, అంతే. క్రాస్‌లో, అంటే ఎదుటిపక్షం అడిగే వంతులో, ఆ ప్లీడరు, అంకణం అంటే దూలాల నడిమి చోటే కదా అని అడిగినట్టున్నాడు. దానికి జవాబుగా ఒక్క వరుస ఉంది. "ఇంటికి చెప్పినప్పుడు అదే. నివేశన స్థలానికి చెప్పినప్పుడు మా వైపు అది కొలత." కిందనే సిరా మరక, ఆ మరక కింద సాక్షి సంతకం, గొలుసుకట్టులో. ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసినవారు మొదటి వాక్యం ఉంచి రెండోది వదిలేశారు. ఎదుటివాడు తన గెలుపుకోసం అడిగిన ప్రశ్నలోంచే ఆమెకు కావలసిన జవాబు వచ్చిందన్నమాట. నేను ఆ వరుస చదవగానే జడ్జిగారు కళ్ళు తెరిచి, "మళ్ళీ చదువు" అన్నారు. మూడుసార్లు చదివించుకున్నారు.

అప్పటికీ ఆయన వెంటనే తీర్పు చెప్పలేదు. మరుసటి వాయిదాలో ఇద్దరు ప్లీడర్లనూ నిలబెట్టి, మీ పక్షం ప్రకారం అంకణం అంటే ఏమిటని అడిగి, మూలరికార్డులోని ఆ పుటను ఇద్దరికీ చూపించి, మాట్లాడుకోవడానికి వారం గడువిచ్చారు. తనకు దొరికింది ఎదుటిపక్షానికి తెలియకుండా తీర్పులో ఎక్కకూడదని ఆయన పట్టుదల. వారం తరువాత ఎదుటి ప్లీడరు, ఆయనా పెద్దమనిషే, దీనిమీద చెప్పడానికి తనవద్ద ఏమీ లేదని చెప్పి కూర్చున్నారు. మున్సిఫ్ ఇచ్చిన డిక్రీ నిలబడింది. ఆ విధవరాలిని మేము ఎన్నడూ చూడలేదు. ఆమె గుడిసె ఎలా ఉండేదో నాకు తెలియదు. ఆ తీర్పులో కింది అప్పీలు జడ్జి గురించి ఒక్క పరుషమైన మాట లేదు. ఆయన ముందున్న టైపుకాపీలో ఆ వాక్యం లేకపోవడమే కారణమని మాత్రం రాయించారు.

నా వల్ల జరిగిన పొరపాటు కూడా ఒకటి చెప్పుకోవాలి. ఒక భూమి తగాదా తీర్పు చివరి పేరాలో అప్పీలుదారు అని ఉండవలసిన చోట ప్రతివాది అని టైపు చేశాను. సంతకానికి వెళ్ళిన ప్రతిలో అది ఆయన కంటపడింది. కేకలు వేస్తారనుకున్నాను. పిలిచి, కుర్చీ చూపించి, నా చేతనే ఆ పేరా చదివించి, "ఈ ఒక్కమాటతో మూడెకరాల మాగాణి చేతులు మారిపోయేది నాయనా" అన్నారు. ఆరోజు నుంచి నేను రిటైరయ్యేదాకా, ఏ తీర్పైనా ఆఖరి పేరాను వెనకనుంచి ముందుకు ఒక్కొక్క మాటే చదివి గాని పంపలేదు.

మా ఊళ్ళవాళ్ళకు ఆయన మీద కొంత కోపం ఉండేది, అదీ నిజమే. మనవాడు హైకోర్టులో ఉన్నాడు కదా అని రైలెక్కి వచ్చినవాళ్ళకు భోజనం పెట్టించేవారు, రాత్రి బండికి స్టేషనుదాకా మనిషిని తోడు పంపేవారు, కేసు మాట ఎత్తితే మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. తన ఊరి పేరు, దాయాదుల పేర్లు కాజ్ లిస్టులో, అంటే విచారణకు వచ్చే కేసుల జాబితాలో, కనపడితే ఆ కట్ట మీద తన ముందు పెట్టవద్దని రాసి రిజిస్ట్రీకి తిప్పి పంపేవారు. భయం గాని పక్షపాతం గాని, అనురాగం గాని ద్వేషం గాని లేకుండా అన్న ప్రమాణంలో, మొదటి రెండూ నిలబెట్టుకోవడం సులువేనని, అనురాగం దగ్గరే మనిషికి కష్టమని ఒకసారి కారులో అన్నారు. డ్రైవరు, దఫేదారు, నేను, ఎవరమూ బదులు చెప్పలేదు.

మరణశిక్ష ఖరారుకోసం వచ్చే రిఫర్డ్ ట్రయల్స్ గురించి ఎక్కువ రాయలేను. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేస్తే హైకోర్టు ఖరారు చేస్తే తప్ప అది అమలు కాదు, కనీసం ఇద్దరు న్యాయమూర్తులు వినాలి. అత్యంత అరుదైన కేసుల్లోనే ఆ శిక్ష అని సుప్రీంకోర్టు 1980లో చెప్పిన తరువాత ఆ అరుదు ఎక్కడ మొదలవుతుందో తేల్చుకోవలసిన భారం ఈ బెంచీల మీద పడింది. ఆ కట్టలు ఇంట్లో ఉన్న రోజుల్లో ఆయన రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకునేవారు. అంతవరకే నాకు తెలుసు.

అరవై రెండేళ్ళు నిండగానే ఆయన నెల్లూరు వచ్చేశారు. శాశ్వత న్యాయమూర్తిగా చేసినవారు సుప్రీంకోర్టులో, తాము పనిచేయని హైకోర్టుల్లో ప్రాక్టీసు చేసుకోవచ్చునని రాజ్యాంగం అనుమతిస్తుంది. ఢిల్లీ వెళ్ళమని మిత్రులు చాలా చెప్పారు. వెళ్ళలేదు. 1984లో కరణాల పదవులు రద్దయ్యాక గొలుసుకట్టు చదివేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు. ఆ సంగతి తెలిసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తాతలనాటి దస్తావేజులు గుడ్డసంచుల్లో పెట్టుకుని ఆయన అరుగు దగ్గరికి వచ్చేవారు. హైకోర్టు జడ్జిగా చేసిన మనిషి భూతద్దం పట్టుకుని వాటిని పైకి చదివి, మామూలు అక్షరాల్లో రాసి ఇచ్చేవారు. హక్కు ఎవరిదని అడిగితే మాత్రం, "నేను చదివిపెడతాను, తీర్పు చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు" అనేవారు. డబ్బు మాట ఎత్తే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. కొందరు మొలగొలుకుల బియ్యం తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయేవారు.

2009 ఆగస్టు 31న హైకోర్టులో మంటలు లేచి గ్రంథాలయం కాలిపోయినప్పుడు నేను ఇంకా ఉద్యోగంలోనే ఉన్నాను. ఎనభై దాటిన ఆయన నెల్లూరు నుంచి ఫోను చేసి, ఎవరికైనా దెబ్బలు తగిలాయా అని ముందు అడిగారు. తరువాత రికార్డు గది సంగతి అడిగారు. ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 1920లో నిజాం ప్రారంభించిన ఆ భవనంలో ఆయన ప్లీడరుగా, జడ్జిగా ముప్పై ఏళ్ళకు పైగా తిరిగారు. ఆయన మౌనం విని నేనూ మాట్లాడలేకపోయాను.

కిందటి ఏడాది వాళ్ళ పెద్దబ్బాయి కబురు పెడితే నెల్లూరు వెళ్ళాను. లా రిపోర్టులన్నీ బార్ లైబ్రరీకి ఇచ్చేశారు. అలమరలో మిగిలిన ఒక పొడుగాటి లెక్కల పుస్తకం నా చేతిలో పెట్టి, ఇది మీదగ్గర ఉంటేనే బాగుంటుందని చెప్పాడు. జడ్జిగారు కట్టలు చదువుతూ అప్పుడప్పుడు ఏదో రాసుకునే పుస్తకం అదే, లోపల ఏముందో నేను ఎన్నడూ చూడలేదు. పుటకు మూడు గళ్ళు: మాట, అర్థం, ఎవరు చెప్పారు. కోర్టు రికార్డుల్లో తగిలిన ప్రాంతాల మాటలన్నీ అందులో ఉన్నాయి. మన వైపు సెంటు, తెలంగాణలో గుంట. తూము అంటే ఒకచోట చెరువుకు, ఒకచోట ధాన్యానికి. పుట్టి అంటే నెల్లూరులో ఎనిమిది వందల యాభై కిలోల ధాన్యం, మిగతాచోట్ల లెక్క వేరు. కయ్య, నెల్లూరు మాగాణి మడి. ప్రతి మాట ఎదురుగా మూడో గడిలో అప్పీలు నంబరు, ఫలానా పక్షం ఫలానా సాక్షి అని చిన్న అక్షరాలు. అంకణం ఎదురుగా, "వాది పక్షం మూడో సాక్షి, క్రాస్‌లో" అని ఉంది.

ఆఖరి పుటలో దొరువు అనే మాట ఉంది. ఇసుకనేలల్లో నీళ్ళకోసం తవ్వుకునే లోతు తక్కువ గుంటను ఆయన ఊళ్ళో అలా అంటారు. పుట్టినప్పటినుంచీ ఆయన ఆ నీళ్ళే తాగి ఉంటారు. అర్థం గడిలో రెండు వరుసలు చక్కగా రాసుకున్నారు. మూడో గడి మాత్రం ఖాళీగానే ఉంది.